డౌన్ అనని జట్టు

ఏడో వారం

ఐదు ఆటలాడి ఐదూ ఓడిపోయాం. ఆరోది ఓడిపోతూ ఉండగా హాల్వర్ ఎన్‌స్టాడ్ వెన్ను విరిగింది. పోయిన వారం అక్కడ ఆగాం.

మధ్యలో అందుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఇది 1894 నవంబరు. అయోవాలో హేజెల్ గ్రోవ్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి కెప్టెన్ని నేను, ఏసా ప్రాథర్‌ని. హాల్వర్ నా గదిలోనే ఉండేవాడు. జట్టులో అందరికన్నా బలమైనవాడు, అందరికన్నా తక్కువ మాట్లాడేవాడు. శనివారం బెల్మోర్ కాలేజీ మీద ఆడుతూ బంతితో సహా మనుషుల కుప్ప కింద పడ్డాడు. బంతి మాత్రం అవతలివాళ్ళ గీత దాటింది, దాటితే నాలుగు పాయింట్లు. ఆ ఏడాది మొత్తం మీద మేము సంపాదించిన పాయింట్లు ఆ నాలుగే. ఒక్కొక్కణ్ణీ లేపితే అందరూ లేచారు, వాడు లేవలేదు. ఆదివారం పొద్దున డాక్టర్ ప్రూయిట్ వాడి పాదాల్లో సూది గుచ్చుతూ ఉంటే, వాడు పైకప్పుకేసి చూస్తూ "ఎప్పుడు మొదలుపెడతారండీ?" అని అడిగాడు.

ఇప్పటి కుర్రాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. ఇప్పుడు బంతి చేత పట్టుకుని పరిగెత్తేవాడు పడితే రెఫరీ ఈల ఊదుతాడు, ఆట ఆగుతుంది. అప్పుడలా కాదు. పడ్డవాడు తనే నోరు తెరిచి "డౌన్" అనాలి. అనేదాకా ఆట నడుస్తున్నట్టే లెక్క. అవతలివాళ్ళు వాడి మీద ఎంతమందైనా పడొచ్చు, ఇవతలివాళ్ళు వాణ్ణి చేతులు పట్టుకుని ముందుకి ఈడవొచ్చు.

మూడో ఆటలో యాభైరెండుకి సున్నా కొట్టించుకుని వచ్చాం. తల పగలకుండా ఆటగాళ్ళం జుట్టు పెంచుకునేవాళ్ళం కదా, గెలిచిన రోజునే కత్తిరించుకుంటామని ఊరంతా వినేలా పంతం పట్టి ఉన్నాం. బార్బర్ హిగ్‌బీ కొట్టు గుమ్మంలో నిలబడి "జడలేసుకుని రిబ్బన్లు కట్టుకోండర్రా, బావుంటారు" అని వీధి చివరిదాకా వినపడేలా అన్నాడు. ఆ సాయంత్రం స్నానాల షెడ్డులో నాకు గొప్ప ఆలోచన వచ్చింది. మావాళ్ళు తొందరపడి డౌన్ అనేస్తున్నారు, అన్న ప్రతిసారీ ఒక అడుగు నేల పోతోంది, అందుకే ఓడిపోతున్నాం అని తేల్చాను. పదకొండు మంది చేతులూ బంతి మీద పెట్టించి, ఊపిరున్నంత వరకూ ఎవడూ డౌన్ అనకూడదని ఒట్టు వేయించాను. మొదట చెయ్యి పెట్టింది నేను. చివర పెట్టింది హాల్వర్.

ఈ ఒట్టు సంగతి బయటివాళ్ళెవరికీ తెలియదు. ఊరికి తెలిసింది వేరు. బెల్మోర్ వాళ్ళలో ఆగస్ట్ కర్నర్ అని ఒక భారీ మనిషి ఉన్నాడు. హాల్వర్ డౌన్ అన్న తర్వాత కూడా కర్నర్ కావాలని నడుం మీద మోకాలు వేసి విరగ్గొట్టాడని ఊరు తీర్మానించేసింది. సోమవారం మూడు గంటలకి రెండు కాలేజీల పెద్దలూ మా చర్చి హాల్లో కూర్చుంటారు. కర్నర్‌ని కాలేజీలోంచి వెళ్ళగొడతారు, బయట షెరీఫ్ కాచుకుని ఉంటాడు. దానికి కావాల్సిన కాగితం మా ప్రొఫెసర్ మీచమ్ హాల్వర్ మంచం పక్కన కూర్చుని వాడు చెబుతూ ఉంటే రాశాడు. 'నేను రెండుసార్లు డౌన్ అన్నాను' అని అందులో ఉంది. కింద ఇద్దరు సంతకం చెయ్యాలి. ఒకరు హాల్వర్ తండ్రి. రెండోవాణ్ణి అందరికన్నా దగ్గరున్న నేను.

ఆ తండ్రి రైలు దిగాడని చెప్పి పోయిన వారం ఆపాను.

టోర్గర్ ఎన్‌స్టాడ్ ఆదివారం మధ్యాహ్నం వచ్చి, మేము అద్దెకుంటున్న మిసెస్ క్విగ్లీ బోర్డింగ్ ఇంటి ముందు గదిలో కొడుకు మంచం పక్కన కుర్చీ వేసుకుని, మర్నాడు పదకొండు దాకా లేవలేదు. నేను వరండాలోనే తచ్చాడుతున్నాను. లోపలికి వెళ్ళడానికి మొహం చెల్లక, వదిలి వెళ్ళడానికి కాళ్ళు రాక. మిసెస్ క్విగ్లీ రెండుసార్లు కాఫీ ఇచ్చి, మూడోసారి చీపురు చేతికిచ్చింది. "ఊరికే తిరిగే బదులు ఊడువు నాయనా, వరండా అయినా బాగుపడుతుంది" అంది. ఊడుస్తూ ఉంటే తలుపు తెరుచుకుంది.

పొడుగాటి మనిషి. పెళ్ళిళ్ళకీ చావులకీ వేసుకునే నల్ల కోటు వేసుకొచ్చాడు. నార్వే నుంచి వచ్చి పాతికేళ్ళయినా మాట వెతుక్కుని వెతుక్కుని మాట్లాడేవాడు.

"కెప్టెన్ నువ్వేనా?"

"నేనేనండి."

"నువ్వు మా ఇంటికి వచ్చావు. వేసవిలో. మా ఆవిడ చేసిన చేప తినలేక కుక్కకి పెట్టావు."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. "మీరు చూశారా?"

"కుక్క కూడా తినలేదు" అన్నాడు. నవ్వలేదు, కోప్పడనూ లేదు. "పద. ఆ చోటు చూపించు."

మైదానం కాలేజీ వెనకాల ఉంది. ఆటల్లేని రోజుల్లో ఆవులు మేసే చోటే అది. దారిపొడుగునా ఆయన ఆట గురించి అడుగుతూ వచ్చాడు, కొత్త నాగలి కొనేముందు రైతు అడిగినట్టు, ఒక్కొక్క భాగం. ఎవరు ఎటు పరిగెడతారు, ఎవరు ఎవరిని పట్టుకోవచ్చు, ఎప్పుడు ఆపాలి. డౌన్ సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"అంటే కింద పడ్డవాడు చెప్పాలి. పైనున్నవాడు కాదు."

"అవునండి."

"వాడు చెప్పకపోతే?"

"ఆట ఆగదండి."

"మంచి ఆటే" అన్నాడు. ఆయన వెటకారం చేసే మనిషి కాదు. అయినా నాకు ఎక్కడో గుచ్చుకుంది.

పొలంలో మొక్కజొన్న కంకులు ఇంకా ఒలిచి కాలేదట. పక్కింటి టోలెఫ్సన్, వాళ్ళబ్బాయిలు వచ్చి ఒలుస్తున్నారని చెప్పాడు. "వచ్చే ఏడు నుంచి పొలం హాల్వర్ చూసుకుంటాడనుకున్నాం. నా భుజం పోయింది. చదువు మధ్యలో మానేస్తానన్నాడు. నేనే వద్దన్నాను, ఈ ఒక్క ఏడూ అవ్వనీ అన్నాను." కాసేపు నడిచి, "నేనే వద్దన్నాను" అని మళ్ళీ అన్నాడు.

సున్నంతో వేసిన గీతలు శనివారం నాటివి ఇంకా చెరగలేదు. ఆ చోటు వెతకక్కర్లేదు, నేల దున్నినట్టుంది. గీతకి గజం దూరంలో ఆగాను.

"ఇక్కడేనండి."

ఆయన టోపీ తీశాడు. నేనూ తీశాను. అప్పుడు కోటు లోపలి జేబులోంచి మీచమ్ కాగితం తీసి, మడత విప్పకుండానే చేత్తో పట్టుకున్నాడు.

"రెండుసార్లు అరిచానని వాడు చెప్పాడు. ప్రొఫెసర్ రాశాడు. నేను సంతకం పెట్టాలి. కానీ నాకు నమ్మకం కుదరడం లేదు."

"ఎందుకండీ?" అన్నాను.

"ఏడేళ్ళప్పుడు వాడి వేలు కంకులు ఒలిచే యంత్రంలో పడింది. అరిచాడు. నేను పరిగెత్తుకొచ్చి వేలు తీసి, చెంప మీద కొట్టాను. భయంతో కొట్టాను, అది వాడికి తెలియదు కదా. మగాడు అరవకూడదురా అన్నాను. తర్వాత ఒకసారి గుర్రం తన్నింది, పక్కటెముక విరిగింది. మూడు రోజులు చెప్పలేదు. నాలుగో రోజున వాళ్ళమ్మ చొక్కా మారుస్తూ చూసింది." టోపీని చేతిలో తిప్పుతూ నేలకేసి చూశాడు. "అలాంటివాడు ఇక్కడ అరిచాడా? అరిచి ఉండడు బాబూ. నా చెంపదెబ్బ వల్ల అరిచి ఉండడు. అరవకపోతే ఆ బెల్మోర్ అబ్బాయిది తప్పు కాదు. నాది."

ఆ క్షణాన నా మనసులో మెదిలిన మాట రాయాలంటే చెయ్యి వెనక్కి లాగుతోంది, అయినా రాస్తాను. బతికిపోయాను అనిపించింది. నేను మోయాల్సింది ఇంకొకాయన వచ్చి తనంతట తనే భుజాన వేసుకుంటున్నాడు. నేను ఊరుకుంటే చాలు. ఊరుకున్నాను కూడా. ఆయన నా మొహంలోకి చూసి, నేను తన మీద జాలిపడుతున్నాననుకున్నాడు పాపం.

"పడుకో" అన్నాడు.

"ఏంటండీ?"

"వాడు పడ్డట్టు పడుకో. తల ఎటో అటే పెట్టు. నాకు తెలియాలి."

పడుకున్నాను. పొద్దుటి మంచు కరిగి నేల బురదగా ఉంది, చెంప దాంట్లో దిగింది. ఆయన నా వెనక మోకాళ్ళ మీద కూర్చుని, ఒక మోకాలు నా నడుం మీద ఆనించాడు. కోపంగా కాదు. దూడకి మందు పట్టేముందు ఆనించినట్టు, మెల్లగా.

"బరువు వేస్తాను. ఓర్చుకోగలిగినంత ఓర్చుకో. చాలనిపిస్తే ఆ మాట అను."

బరువు దిగింది. భుజం పోయిన ముసలాయన కదా అనుకున్నాను. ఊపిరి సగంలో ఆగింది. పళ్ళు బిగించాను. పదకొండు మంది చేత ఒట్టు వేయించినవాణ్ణి నేను, ఆ మాట నా నోట ఎలా వస్తుంది? వచ్చేసింది. మట్టిలోకి, నాకే సరిగా వినపడనంత చిన్నగా "డౌన్" అన్నాను.

ఆయన ఒక్క ఉదుటున లేచాడు.

"పది కూడా లెక్కపెట్టలేదు నేను" అన్నాడు. తప్పు పట్టడం లేదు, ఉన్నది చెబుతున్నాడు. "అంత చిన్నగా అన్నావు. అయినా వినపడింది. కావాలని వింటే వినపడుతుంది."

నేను లేచి కూర్చున్నాను. బురద మొహాన్ని మోచేత్తో తుడుచుకుంటూ ఉంటే ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే చెప్పేశాను, స్నానాల షెడ్డు, బంతి మీద చేతులు, ఒట్టు, అన్నీ. "మీ చెంపదెబ్బ కాదండీ. నేను. నేను వాడి నోరు కట్టేశాను."

దూరంగా ఆవులు గేటు దగ్గర చేరి, ఎవరైనా తీస్తారేమోనని చూస్తున్నాయి.

"ఒట్టు వేయించావు" అన్నాడు చివరికి. "నా కొడుకు చేత."

"అవునండి."

"ఎందుకు?"

"గెలుద్దామని."

"గెలిచారా?"

తల అడ్డంగా ఊపాను.

ఆయన చెయ్యి ఎత్తితే బాగుండుననిపించింది. తంతాడని ఎదురు చూశాను, నిజంగానే. కానీ ఆయన నా పక్కనే బురదలో, ఆ నల్ల కోటుతోనే కూర్చున్నాడు. "వాడు మాట తప్పడు" అన్నాడు. "మాటిస్తే చచ్చినా తప్పడు. అయితే వాడు డౌన్ అనలేదన్నమాటే. అంటే ఈ కాగితంలో ఉన్నది అబద్ధం. నా కొడుకు అబద్ధం చెప్పాడు. ఎందుకో తెలుసా? ఒట్టు సంగతి బయటపడితే నీకు ముప్పని. నీ కోసం."

నేను తల వంచుకున్నాను. అవునని అనలేదు, కాదని కూడా అనలేదు.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. ఇన్ని వారాలుగా నన్ను నమ్మి చదువుతున్నారు. పోయిన వారం ఆ ఆటని నిమిషం నిమిషం వర్ణించాను, హిగ్‌బీ ఏం తింటూ చూశాడో కూడా రాశాను. ఒక్కటి మాత్రం మింగేశాను. టోర్గర్ గారి పక్కన బురదలో కూర్చుని ఏడుస్తూ చెప్పినప్పుడు కూడా అదే మింగాను. మనిషి పెద్ద తప్పుని దాచడానికి చిన్న తప్పు ఒప్పుకుంటాడు. ఒట్టు నా చిన్న తప్పు.

హాల్వర్ కుప్ప కింద పడ్డప్పుడు వాడి తలా చేతులూ మాత్రం బయటికున్నాయి, గీత వైపుకి. వాడి రెండు మణికట్లూ పట్టుకుని ముందుకి లాగుతున్నది నేను. తెల్ల గీత నా మడమలకి ఆనుకుని ఉంది. ఏడాదంతా ఒక్క పాయింటు లేదు, అడుగున్నర దూరంలో నాలుగున్నాయి. వాడి మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. "డౌన్, ఏసా" అన్నాడు. నేను లాగాను. కళ్ళు పెద్దవి చేసి నన్నే చూస్తూ "ఏసా, డౌన్" అన్నాడు. "ఇంకొక్క అడుగురా" అన్నాను నేను. రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి, వెనక్కి వాలి, ఉన్న బలమంతా పెట్టి ఈడ్చాను. కుప్ప అలాగే ఉంది, వాడి నడుం దాని కిందే ఉంది, మిగతా సగం నాతో వచ్చింది. బంతి గీత దాటింది. నేను చేతులు వదిలేసి గెంతాను. టోపీలు గాల్లోకి ఎగురుతూ ఉంటే నేను గెంతుతున్నాను.

ఇదీ నేను మింగింది.

ఇంటికి తిరిగి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. మిసెస్ క్విగ్లీ మా ఇద్దరి బురద చూసి ఏదో అనబోయి మానేసింది. ముందు గదిలో హాల్వర్‌ని కదలకుండా అటూ ఇటూ ఇసక సంచులు పెట్టి పడుకోబెట్టారు. గడ్డం ఎవరో చేశారు. జుట్టు మాత్రం దిండంతా పరుచుకుని ఉంది.

"ఏరా, ఏసా" అన్నాడు నన్ను చూసి. "రెండు రోజులు ఎక్కడ చచ్చావు?"

"వరండాలోనే."

"విన్నాలే. చీపురు పట్టడం కూడా రాదు నీకు."

నవ్వబోయాను, నా వల్ల కాలేదు. టోర్గర్ గారు కుర్చీ దగ్గరికి లాక్కుని, తన పెద్ద చెయ్యి కొడుకు చేతి మీద పెట్టాడు. యంత్రంలో పడి వంకరపోయిన వేలు మీదే పడింది చెయ్యి.

"హాల్వర్. కెప్టెన్ నాకు చెప్పాడు. ఒట్టు సంగతి."

"చెప్పాడా?" హాల్వర్ మొహం ఒక్కసారి తేటపడింది. "చెప్తాడని నాకు తెలుసు నాన్నా. నేను చెప్పలే? ఏసా చెప్తాడు, కాస్త టైమివ్వండి అని."



"నువ్వు అబద్ధం ఆడాల్సింది కాదు" అన్నాడు తండ్రి మెల్లగా. "స్నేహితుడి కోసమే కావచ్చు. కానీ ఇంకో తల్లి కొడుకు జైలుకి పోతాడు. డౌన్ అనలేదని చెప్పు. కాగితం చింపేద్దాం."

హాల్వర్‌కి అర్థం కాలేదు. తండ్రి వైపు చూశాడు, తర్వాత నా వైపు. నేను కిటికీ వైపు చూశాను.

"అనలేదా?" అన్నాడు. "నేను అన్నాను నాన్నా. రెండుసార్లు."

"ఒట్టు వేశావు కదా."

"వేశాను. తప్పాను. వెన్నులో మంట పుట్టింది, తట్టుకోలేకపోయాను. మొట్టమొదటిసారి మాట తప్పాను, సిగ్గుగానే ఉంది, కానీ అన్నాను." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "నేను అనలేదని ఏసా చెప్పాడా?"

ఈ గదిలో ఇంకొంచెంసేపు ఎవరూ జవాబు చెప్పకపోతే బాగుండునని నేను దేవుణ్ణి వేడుకున్నాను, ఆ మాటకొస్తే దేవుడు కూడా ఆ పూట నా మొహం చూసి ఉండడు.

టోర్గర్ గారు కాగితం విప్పి మోకాళ్ళ మీద పరిచాడు. "చదువు" అని నాకు అందించాడు. ఇంగ్లీషు రాత ఆయనకి కష్టం.

చదివాను. "'నేను డౌన్ అని రెండుసార్లు అన్నాను. విన్నవాడు వదల్లేదు. అతడు బెల్మోర్ ఆటగాడు ఆగస్ట్ కర్నర్.'"

"ఆ చివరిది నాది కాదు" అన్నాడు హాల్వర్. "నేను చెప్పింది మొదటి రెండే. కర్నర్ ఎక్కడో వెనక, నా కాళ్ళ వైపు పడ్డాడు. గోలలో వాడికేం వినపడుతుంది? మీచమ్ గారు తలూపుకుంటూ రాసేసుకున్నాడు. ఏం రాశాడో నాకు చదివి వినిపించలేదు."

"మరి విన్నవాడెవడు?" అన్నాడు తండ్రి.

హాల్వర్ నా వైపు చూడలేదు. చూస్తే తండ్రికి తెలిసిపోతుందని కావాలనే చూడలేదు. పైకప్పుకేసే చూస్తూ, "చెప్పాల్సినవాడు చెప్తాడు" అన్నాడు. "నేను రెండుసార్లు అన్నాను. మూడోసారి అనను."

టోర్గర్ గారు బల్ల మీది సిరాబుడ్డీ, కలం నా ముందుకి జరిపాడు.

"నువ్వు దగ్గరున్నావు. చూసి ఉంటావు. ఆ అబ్బాయి పేరు కొట్టెయ్యి. ఏ పేరు ఉండాలో ఆ పేరు రాయి. దాని కింద నేను సంతకం పెడతాను."

ఇందాక మైదానంలో నేను చెప్పింది అబద్ధమని ఆయనకి అర్థమైందో లేదో తెలియదు. ఆయన గొంతులో ఏ తేడా లేదు. నేను కలం ముంచి, 'ఆగస్ట్ కర్నర్' మీద అడ్డంగా గీత కొట్టాను. అంతవరకూ చెయ్యి బాగానే నడిచింది. తర్వాత ఉన్న ఖాళీలో కాసిని అక్షరాలు పడితే సరిపోతుంది, నా పేరు అంత చిన్నది. కలం కాగితానికి ఆనించాను.

వీధి తలుపు దగ్గర గలాటా. "లోపల రోగి ఉన్నాడు, నీలాంటివాణ్ణి అడుగు పెట్టనిస్తానా?" అంటోంది మిసెస్ క్విగ్లీ. ఎవరో తగ్గిన గొంతుతో బతిమాలుతున్నారు. చివరికి గది గుమ్మంలో, తలుపు మొత్తం మూసేసేంత మనిషి వచ్చి నిలబడ్డాడు. చెవికి గుడ్డ కట్టి ఉంది. టోపీ రెండు చేతుల్తో నలిపేస్తున్నాడు. మైదానంలో కొండలా కనిపించిన ఆగస్ట్ కర్నర్ దగ్గరగా చూస్తే పాతికేళ్ళు కూడా లేని, పాస్టర్ చదువు చదువుతున్న పల్లెటూరి జర్మన్ అబ్బాయి. కళ్ళు వాచి ఉన్నాయి.

"అయ్యా, హాల్వర్ వాళ్ళ నాన్నగారు మీరేనా?" అన్నాడు. "మూడింటికి అందరి ముందూ చెప్పాల్సిందే. అంతకన్నా ముందు మీకు చెప్పాలని వచ్చాను. నేను మోకాలు వేశాను. కావాలని కాదు, పడ్డాను, కానీ నా మోకాలు వాడి నడుం మీదే పడింది. నాకు తెలుసు. తను అరిచాడో లేదో నాకు వినపడలేదు. శనివారం నుంచీ ఆలోచిస్తున్నాను. వినపడి ఉండొచ్చేమో, గెలుపు మత్తులో నేను విననట్టు ఉన్నానేమో. అడిగితే నేనే అని చెప్తాను. ఏ శిక్షయినా వెయ్యనివ్వండి." టోపీ వంక చూశాడు. "క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు."

టోర్గర్ గారు లేచి నిలబడ్డాడు. హాల్వర్ ఏదో అనబోయి, పెదాలు బిగించి కళ్ళు మూసుకున్నాడు.

కర్నర్ నా వైపు తిరిగాడు. ఆ గదిలో, కళ్ళు మూసుకున్న హాల్వర్ కాక, తనకి కాస్త తెలిసిన మొహం నాదొక్కటే.

"కెప్టెన్, నువ్వు వాడికి ఎదురుగానే ఉన్నావు. నీకన్నా దగ్గర ఎవరూ లేరు. నువ్వే చెప్పు" అన్నాడు. "నేనే కదా?"

ఔనంటే చాలు. అడిగింది వాడే, ఒప్పుకుంటున్నదీ వాడే. ఇన్నేళ్ళ తర్వాత కూడా సిగ్గుతో రాస్తున్నాను, ఆ 'ఔను' నా నాలుక మీద సిద్ధంగానే ఉంది.